చలిగాలికి స్మోకర్ వేడెక్కకపోతే

ప్రశ్న: అమెరికా నుంచి తిరిగొస్తూ 800 వాట్ల ఎలక్ట్రిక్ స్మోకర్ తెచ్చుకున్నాం. గచ్చిబౌలిలో మాది ఇరవయ్యో అంతస్తు. డిసెంబరు రాత్రుల్లో బాల్కనీలో 90 డిగ్రీలు దాటడం లేదు. పెద్ద ఎలిమెంట్ వేయించమంటారా?

జవాబు: వద్దు. లోపలి రిలే, తీగలు 800 వాట్లకే లెక్కగట్టినవి. ఎక్కువ వేస్తే మాడిపోతాయి. ముందు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడండి. అక్కడి 120 వోల్టుల సరుకుకు మన 230 నేరుగా ఇవ్వకూడదు సరే, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా చిక్కే. లోడు మీద 100 వోల్టులకు పడితే వేడి దాదాపు 30 శాతం పోతుంది. 1500 వాట్లది పెట్టండి.

ఇక మన చలి ఏపాటిది? అసలు దొంగ ఆ ఎత్తున వీచే గాలి. స్మోకర్‌ను గోడ మూలకు జరిపి, గాలి వచ్చే వైపు కాస్త ఎడంగా రేకు అడ్డం పెట్టండి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే గాస్కెట్ మార్చాల్సిందే. నీళ్ల పళ్లెంలో మరిగిన నీళ్లే పోయండి. వేడి పోతోందని పొగ కంత మాత్రం మూయకండి, మాంసం చేదెక్కుతుంది. చికెన్ లోపల 74 డిగ్రీలు చేరాకే దించండి.

బాల్కనీకి అద్దాలు బిగించుకున్నారా? అయితే అక్కడ వాడనే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.