ఈ భాగం దేనికి? పాత ఫియట్ ఇంజనును అడిగి చూద్దాం

పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవారు నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. అది 1912 నాటిది. దాని బానెట్ ఎత్తి చూస్తామంటే ఎవరూ ఒప్పుకోరనుకోండి! కాని ఫియట్ 1100 సంగతి వేరు. ఇటలీలో 1953లో వచ్చిన ఈ కారును బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఏళ్లతరబడి తయారుచేశారు. 1974 నుంచి దానికి ప్రీమియర్ పద్మిని అని పేరు. తయారీ ఎప్పుడో ఆగిపోయినా, అలాంటి కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఏ షెడ్డులోనైనా అలాంటి కారు బానెట్ ఎత్తి కనిపిస్తే ఉస్తాద్‌ను అడిగి దగ్గరకు వెళ్లండి. ఇంజను ఆగి, పూర్తిగా చల్లారి ఉండాలి సుమా! వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

తెలియని భాగం కనబడగానే దాని పేరేమిటని అడుగుతాం. పేరు తెలిసినంత మాత్రాన పని తెలియదు. దానిలోకి ఏం వస్తోంది, అందులోంచి ఏం పోతోంది? ఈ ప్రశ్న వేసి చూడండి.

నల్లని గుండ్రటి మూతలోంచి లావుపాటి తీగలు అయిదు వస్తున్నాయి. నాలుగు తీగలు నాలుగు స్పార్క్ ప్లగ్గులకు పోతున్నాయి, అయిదోది కాయిల్ నుంచి వస్తోంది. అంటే ఒకచోటి నుంచి వచ్చిన విద్యుత్తును నలుగురికి పంచే భాగమన్నమాట. అదే డిస్ట్రిబ్యూటర్. పెట్రోలు ట్యాంకు నుంచి సన్నని గొట్టం వచ్చి, ఇంజను పక్కనున్న చిన్న డబ్బాలో దూరి, అక్కడినుంచి కార్బొరేటర్‌కు పోతోందా? ఆ డబ్బా పెట్రోలు పంపు.

కొన్నిచోట్ల అక్షరాలే సాయం చేస్తాయి. ఇటలీలోనే తయారైన కారులో మీటరు మీద 'ఆక్వా' అని ఉంటే నీళ్లు, 'ఓలియో' అంటే నూనె, 'బెంజీనా' అంటే పెట్రోలు.

ఇక అసలు చిక్కు తెచ్చిపెట్టే భాగం ఒకటుంది. ఇంజను పైభాగం నుంచి రేడియేటర్‌కు నీళ్లు పోయే దారిలో, మూత విప్పితే, రూపాయి బిళ్ల కంటే పెద్దదైన ఇత్తడి బిళ్ల, దానికో స్ప్రింగు కనిపిస్తాయి. నీళ్ల దారికి అడ్డంగా ఉంది! "మన ఎండలకు ఇదెందుకు?" అని చాలామంది దాన్ని తీసి పారేస్తారు. ఎప్పుడో ఒకటి మూసుకుపోయి ఇంజను మరిగిపోయి ఉంటుంది, తీసేస్తే బాగైపోయి ఉంటుంది. అక్కడినుంచి అన్నింటికీ అదే వైద్యం.

దాని పేరు థర్మోస్టాట్. లోపలి చిన్న గిన్నెలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి, కడ్డీని నెట్టి, దారి తెరుస్తుంది. నీళ్లు చల్లగా ఉన్నంతసేపు దారి మూసే ఉంచి, ఇంజను త్వరగా వేడెక్కేలా చేస్తుంది. ఇది లేకపోతే ఇంజను చాలాసేపు చల్లగానే ఉంటుంది. అప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు. మిగిలిన ద్రవం సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగేస్తుంది. పిస్టన్ రింగులు అరుగుతాయి. కొత్త రింగులు ఏ దుకాణంలోనైనా దొరికే కారయితే ఫరవాలేదు. అరవయ్యేళ్ల కారుకు వాటికోసం ఊరూరా వెతకాలి.

పారేసే ముందు పరీక్షించవచ్చు. పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, థర్మోస్టాట్‌ను దారంతో కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీయండి. గిన్నె అడుగుకు తగలకూడదు, ఎందుకంటే అడుగు లోహం నీళ్లకంటే వేడిగా ఉంటుంది. బడి ప్రయోగశాల థర్మామీటరు కూడా నీళ్లలోనే వేలాడాలి. స్టవ్ వెలిగించండి. సాధారణంగా ఎనభై డిగ్రీలు దాటాక బిళ్ల మెల్లగా కదులుతుంది. చాలావాటి మీద ఆ అంకె చెక్కే ఉంటుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక ఇక్కడ నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. అయినా మన పరీక్షకు ఆ వేడి చాలు. నీళ్లు మరిగినా బిళ్ల కదలకపోతే అది చెడిపోయినట్టే, దాని స్థానంలో మంచిది వెయ్యాలి.

స్టవ్ ఆపాక కూడా చూస్తూనే ఉండండి. బిళ్ల మూసుకునే అంకె, తెరుచుకున్న అంకె కంటే కొన్ని డిగ్రీలు తక్కువగా వస్తుంది. కరిగిన మైనం మళ్లీ గట్టిపడడానికి కొంత వ్యవధి కావాలి కదా!