పాత ఇంజను – క్రొత్త కొలత

కిరోసిను లాంతరు వెలిగించినవారికి ఒక విషయము తెలియును. వత్తిని మిక్కిలి పైకి త్రిప్పినచో వెలుగునకు మారుగా పొగ హెచ్చును, చిమ్నీ నల్లబడును. మిక్కిలి దించినచో దీపము కొండెక్కును. చమురునకును గాలికిని తగిన పాలు కుదిరినప్పుడే దీపము నిర్మలముగా వెలుగును.

మోటారుకారు ఇంజనుకును ధర్మమిదియే. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలయును. పెట్రోలు అధికమైనచో అది వృథాయై పొగగా పోవును. మిక్కిలి తక్కువైనచో, బరువు లాగు సమయమున ఇంజను వేడెక్కి పిస్టనుకే చేటు మూడవచ్చును.

ఈ పాలు కుదుర్చు పనిని దాదాపు ఒక శతాబ్దము పాటు కార్బురేటరు అను పరికరము నిర్వహించెను. ఇంజను పీల్చు గాలి దీనిలోని ఇరుకైన గొంతు గుండా పోవును. ఇరుకుచోట గాలి వేగము హెచ్చును, పీడనము తగ్గును. అప్పుడు ప్రక్కనున్న గిన్నెలోని పెట్రోలు సన్నని ఇత్తడి రంధ్రము నుండి పైకి వచ్చి, తుంపరలై గాలిలో కలియును. ఇందు విద్యుత్తు లేదు, లెక్క లేదు. ప్రకృతి ధర్మమే పనిచేయును. ఇంత సరళమైన పరికరమును చులకన చేయరాదు.

అయినను దానికొక కొరత కలదు. ఇత్తడి రంధ్రము మారదు, పరిస్థితులు మారుచుండును. చలి ఉదయములందు పెట్రోలు చక్కగా ఆవిరి కాదు. అందుచే డ్రైవరు 'చోకు' లాగి మిశ్రమమును చిక్కన చేయవలయును. కొండ ఎక్కినకొలదిని గాలి పలుచనగును. సముద్రతీరమున సుమారు 101 కిలోపాస్కలులుండు వాతావరణ పీడనము, 3000 మీటర్ల ఎత్తున సుమారు 70కి దిగును. గాలి తగ్గిన పాటిగా పెట్రోలును తగ్గించుట సామాన్యమైన కార్బురేటరుకు సాధ్యము కాదు. కావున బండి బలము కోల్పోయి నల్లని పొగ విడుచును.

గాలిని ముందుగా కొలిచి, ఆ కొలతకు తగిన పెట్రోలును చిమ్మినచో ఎట్లుండును? ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1958లో అమెరికాలోని క్రైస్లరు సంస్థ, బెండిక్స్ వారు కనిపెట్టిన విద్యుత్ పరికరమును కొలది కార్లకు అమర్చెను. అది నమ్మకముగా పనిచేయకపోవుటచే వానిలో పెక్కింటికి మరల కార్బురేటర్లనే బిగించిరి. ఆలోచన సరియైనదే, ఆనాటి విడిభాగములు దానికి చాలకపోయెను. 1967లో జర్మనీలోని బాష్ సంస్థ ఈ పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కారులో సఫలము చేసెను. 1990వ దశకము ఆరంభమునాటికి అమెరికాలోని క్రొత్త కార్లనుండి కార్బురేటరు దాదాపు తొలగిపోయెను.

మరి పాత కార్ల గతి యేమి? తండ్రి నడిపిన కారును కుమారుడు ప్రేమతో కాపాడుకొనుచుండును. దానికి ఈ వసతి కల్పింపవలెనన్న, పందెపు కార్లకై చేసిన కంప్యూటర్లు మిక్కిలి వెలగలవి. కర్మాగారములు క్రొత్త కార్లలో నుంచిన కంప్యూటర్లు ఆయా ఇంజన్లకే సరిపోవును. వానిలోని అంకెలను మార్చుటకు సామాన్యునికి వీలులేదు.

ఇట్టి సమయమున, 2001లో, అమెరికాకు చెందిన బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అను ఇరువురు 'మెగాస్క్విర్ట్' అను చిన్న పరికరమును రూపొందించిరి. వారు దాని విద్యుత్ పటమును, దానిని నడుపు ప్రోగ్రామును దాచక ప్రకటించిరి. ఆసక్తి గలవారు విడిభాగములను తెప్పించుకొని, తమ యింటి బల్లమీదనే వానిని సీసముతో అతికి, పరికరమును స్వయముగా తయారుచేసికొనిరి. ఇంజెక్టరులను, సెన్సరులను పలువురు పాత కార్ల గుట్టలనుండి ఏరుకొనిరి. ఇట్లు ఖర్చు తగ్గుటయే గాక, చేసినవానికి తన యంత్రపు మర్మము తెలిసెను.

దాని పనితీరు తెలిసికొనదగినది. ఒక సెన్సరు ఇంజను పీల్చు గాలి పీడనమును చెప్పును. మరియొకటి ఆ గాలి ఉష్ణోగ్రతను, ఇంకొకటి ఇంజనును చల్లబరచు నీటి ఉష్ణోగ్రతను చెప్పును. ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో వేరొక తీగ తెలుపును. పీడనము పెరిగిన గాలి బరువు పెరుగును. వేడి పెరిగిన తగ్గును. ఈ సూత్రముతో సిలిండరులోనికి చేరు గాలి బరువును మైక్రోప్రాసెసరు గణించును.

అయితే సిలిండరు ఎల్లవేళల గాలితో పూర్తిగా నిండదు. ఏ వేగమున, ఏ పీడనమున నూటికి ఎన్ని పాళ్లు నిండునో తెలియవలయును. ఇందుకై మొదటి మెగాస్క్విర్ట్‌లో ఎనిమిది అడ్డువరుసలు, ఎనిమిది నిలువువరుసలు గల పట్టిక నుంచిరి. అనగా 64 గడులు, 64 అంకెలు. ఇంజను స్థితి రెండు గడులకు నడుమ నున్నచో, బాలురు త్రైరాశికము చేయునట్లు, మైక్రోప్రాసెసరు నడిమి విలువను కట్టును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనుకు ఒక్క చుట్టు సెకనులో ఏబదవ వంతు మాత్రమే. అంతటి స్వల్పకాలములో లెక్క ముగించి, ఇంజెక్టరును సెకనులో కొన్ని వేయవ వంతులు తెరచి మూయవలయును.

ఆ అంకెలను నింపుటయే అసలైన సాధన. యజమాని ఒక చిన్న కంప్యూటరును తీగతో కలుపును. ఇంజను నడచుచుండగనే గడులలోని అంకెలు మార్చును. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు, మిశ్రమము చిక్కనయో పలుచనయో చెప్పును. మొదటి దినమున ఇంజను దగ్గవచ్చును, కదలకనే ఆగిపోవచ్చును. తొందరపడువాడు పది అంకెలను ఒక్కసారి మార్చి, ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో తెలియక చిక్కుపడును. నేర్పరి ఒక్క అంకెను మార్చి, ఫలితమును వ్రాసికొని, పిమ్మట రెండవదానిని ముట్టును.

ఇందు అపాయములును కలవు. కార్బురేటరుకు పెట్రోలు స్వల్ప పీడనముతో చేరును. ఇంజెక్టరులకు సాధారణముగా వాతావరణ పీడనమునకు మూడు రెట్లు కావలయును. పాత రబ్బరు గొట్టములు దానికి తాళలేవు. ఎక్కడనైన చిరిగి, వేడి ఇంజనుమీద పెట్రోలు చిమ్మినచో మంటలు చెలరేగును. కావున పంపు, గొట్టములు, బిగింపులు అన్నియు క్రొత్తవి కావలయును. చట్టమునకును లోబడవలయును. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, వాహనమును ఇష్టానుసారముగ మార్చుటకు హద్దులు విధించినది.

మరియొక సత్యమును మరువరాదు. అరిగిన పిస్టను రింగులను, కారుచున్న వాల్వులను ఏ లెక్కయు బాగుచేయజాలదు. మొదట ఇంజను ఆరోగ్యముగ నుండవలయును. పిమ్మటనే క్రొత్త కొలత దానికి ఉపకరించును. అట్లు శ్రద్ధతో చేసినచో, చలిలో సులువుగ కదలుట, కొండలపై తడబడకుండుట, పెట్రోలు వృథా తగ్గుట అను లాభములు పాత కారునకును దక్కును.

కొలతకు లొంగని పనిలో ఊహయే దిక్కు. కొలిచి చేసిన పనిలో తప్పు జరిగినను, అది ఎక్కడ జరిగెనో తెలియును. తెలిసిన తప్పును దిద్దుకొనవచ్చును. 1958లో చెడిన ప్రయత్నమును మనుజులు విడువకుండుటచేతనే 1967లో అది ఫలించెను. తాము నేర్చినదానిని ఇరువురు దాచుకొనక పంచుటచేతనే 2001 తరువాత అది సామాన్యుల కొట్టములలోనికి చేరెను. మూలకు చేరవలసిన యంత్రములు మరల బాట పట్టుటకు, లోహము కన్న మిన్నగా తోడ్పడినవి ఓర్పును, పంచుకొన్న విద్యయును.