లీటర్ లెక్క

ఉదయం ఆరున్నర. హయత్‌నగర్‌లో విజయవాడ హైవే పక్కన మెకానిక్ షెడ్డు ముందు ఒక డీజిల్ పికప్ ఆగి ఉంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలని ఉస్తాద్ దాన్ని రాత్రే తెప్పించి పెట్టుకున్నాడు. నల్గొండ వైపు తోటల నుంచి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బత్తాయి మోసే బండి అది. మీటరు 3,40,000 కిలోమీటర్లు దాటింది. "మూడు ట్రిప్పులకు రేడియేటర్‌లో లీటర్ పోస్తున్న ఉస్తాద్. కింద చూస్తే చుక్క లేదు" అంటాడు డ్రైవర్. "ఏం పోస్తున్నవ్ తమ్మీ?" "బోరు నీళ్లు." ఉస్తాద్ ఏమీ అనడు, డ్రైవర్ సీటు వెనకున్న ఐదు లీటర్ల క్యాన్ వైపు ఒకసారి చూస్తాడంతే. మూడు ట్రిప్పులంటే దాదాపు 600 కిలోమీటర్లు, పదిహేను గంటలు ఇంజిన్ తిరిగినట్టు. ఈ అంకెలు గోడమీద సుద్దతో రాస్తాడు. ముందు పోయిన నీటికి లెక్క తేలాలి, పానా సంగతి తర్వాత.

నీళ్లు పోయే దారులు రెండే. బయటికి కారాలి, లేదా ఇంజిన్ లోపలికి తాగాలి. టార్చి పట్టుకుని బయటివి వెతకడం మొదలవుతుంది. హోస్ పైపులను ఒక్కొక్కటీ పిసికి చూస్తాడు, క్లిప్పుల కింద వేలు పెట్టి తడుముతాడు. తడి కోసం కాదు, మరక కోసం. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క నేల దాకా రాదు, అక్కడే ఆవిరై తెల్లటి పొక్కు మిగులుస్తుంది. బోరు నీళ్లయితే ఆ పొక్కు ఉప్పు పెళ్లలా ఇంకా మందంగా ఉంటుంది. ఆయిల్ గేజీ తీసి గుడ్డకు తుడుస్తాడు. ఆయిల్ నల్లగానే ఉంది. నీళ్లు కలిసి ఉంటే మజ్జిగ చిలికినట్టు తెల్లగా నురగ కట్టేది.

ఇప్పుడు ప్రెషర్ పరీక్ష. రేడియేటర్ మూత తీసి, ఆ మూతికి గడియారం లాంటి గేజి ఉన్న చేతిపంపు బిగిస్తాడు. 15 పీఎస్ఐ వరకు కొడతాడు, కారు టైరులో పట్టే గాలిలో సుమారు సగం. మూత నిలబెట్టే ఒత్తిడీ దాదాపు అంతే. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరిగితే, ఈ ఒత్తిడి మీద 120 దాకా మరగవు. అందుకే వేడి బండి మూత తిప్పితే ముఖం కాలుతుంది, చల్లటి బండితోనే ఈ పని. ఇరవై నిమిషాలు టీ తాగుతూ గేజిని చూస్తాం. ముల్లు 15 నుంచి 13కు జారింది.

ఉస్తాద్ చిన్న అద్దం ముక్క కింద నుంచి లోపలికి పెట్టి చూపిస్తాడు. వాటర్ బాడీ, అంటే నీటిని ఇంజిన్ చుట్టూ తిప్పే పంపు. దాని పొట్ట కింద పెన్సిల్ మొన పట్టేంత బెజ్జం ఉంటుంది. లోపలి సీలు అరిగిపోతే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ బెజ్జం లోంచి బయటికి రావాలి, కట్టిన వాళ్లు కావాలనే పెట్టిన కన్నం అది. అక్కడ చుక్క వేలాడుతోంది. తెలియని వాళ్లు చాలామంది దాన్ని ఎం-సీల్‌తో మూసేస్తారట.

"దొరికింది కదా!" అంటాడు డ్రైవర్. నేనూ అదే అనుకున్నాను. ఉస్తాద్ మాత్రం ఫోన్‌లో సెకన్లు పెట్టి చుక్కలు లెక్కపెడతాడు. పది సెకన్లకు ఒకటి. గంటకు 360 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే గంటకు 18 మిల్లీలీటర్లు. పదిహేను గంటలకు 270. గోడమీద వెయ్యి లోంచి 270 తీసేసి, 730 కింద రెండు గీతలు కొడతాడు. ఇదే రోజంతటిలో నాకు బాగా నచ్చిన పని. పానా ఇంకా పట్టుకోనే లేదు, ముప్పావు లీటరు దొంగ ఇంకా దొరకలేదని సుద్దముక్క చెప్పేసింది.

మూతను వేరుగా పరీక్షిస్తే సరిగ్గానే ఉంది. మిగిలింది లోపలి దారి. అందరూ భయపడేది సిలిండర్లకూ హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ ప్యాకింగుకే. హెడ్ దించితే పాతిక వేలు దాటుతుందని ఉస్తాద్ అంచనా. ఇంజిన్ స్టార్ట్ చేసి పైహోస్ మీద చెయ్యేసి నిలబడతాడు. సిలిండర్ లోంచి గ్యాస్ నీళ్లలోకి దూరుతుంటే ఆ పైపు వేడెక్కకముందే రాయిలా బిగుస్తుంది. ఇది మెత్తగానే ఉంది. ఆ తర్వాత రేడియేటర్ మూతి మీద గాజు గొట్టం, అందులో నీలం మందు. పైన ఉన్న రబ్బరు బుడ్డి నొక్కుతుంటే నీటి మీది గాలి మందు గుండా పోతుంది. పొగ గ్యాస్ ఉంటే నీలం ఆకుపచ్చకో పసుపుకో మారాలి. పది నిమిషాలైనా నీలం నీలంగానే ఉంది.

అయితే ఇందాక స్టార్ట్ చేసినప్పుడు వచ్చిన పొగను ఉస్తాద్ మరిచిపోలేదు. రెండు నిమిషాలు తెల్లగా వచ్చింది, కాస్త తియ్యటి వాసనతో. ఆ తీపి ఇంకా మిగిలి ఉన్న పాత కూలెంట్‌లోని గ్లైకాల్‌ది. వాసన తీపేగానీ అది విషం, కుక్కలు నాకకుండా పారబోసింది వెంటనే కడిగేయాలి. ఇంజిన్ చల్లారాక ఈజీఆర్ కూలర్ పైపు విప్పుతాడు. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌కే తిప్పి పంపేది ఈజీఆర్. ఆ పొగను ముందు నీళ్లతో చల్లార్చేది ఈ కూలర్. పైపులో మసి పొడిగా రాలాలి. ఇక్కడ వేలికి కాటుకలా తడిగా అంటుకుంది.

కూలర్‌ను దించి నీటి దారుల్లో ఒకదానికి రబ్బరు బిళ్ల బిగించి, రెండోదానిలోంచి 2 బార్ గాలి ఎక్కిస్తాడు. చల్లటి నీళ్ల బకెట్‌లో ముంచితే ఏమీ లేదు. డ్రైవర్ ముఖంలో అనుమానం. హెల్పర్ పోరడు ఇంకో బకెట్‌లో హీటర్ కడ్డీ వేసి నీళ్లు 80 డిగ్రీలకు కాస్తాడు, ప్లగ్గు పీకాకే కూలర్ ముంచాలని ఉస్తాద్ రెండుసార్లు గద్దిస్తాడు. ఈసారి మూడు నిమిషాలకు పొగ వెళ్లే మూతి లోంచి సన్నటి బుడగల దారం పైకి లేస్తుంది. లోపలి గొట్టంలో వెంట్రుకంత పగులు. వేడికి తెరుచుకుని చల్లారితే మూసుకుంటుంది, పొద్దున పంపు గేజికి చిక్కనిది అందుకే.

కొందరు ఈజీఆర్‌కు రేకు బిళ్ల అడ్డం పెట్టి పంపేస్తారు. ఉస్తాద్ ఒప్పుకోడు, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగడం ఒకటి, పగిలిన గొట్టం అలాగే ఉండటం రెండు. కొత్త కూలర్, కొత్త వాటర్ బాడీ తెప్పిస్తాడు. పాత ప్యాకింగు ముక్కలను బ్లేడుతో గీకడానికే ముప్పావుగంట పడుతుంది. ఎనిమిది ఎంఎం బోల్టులను ఎదురెదురుగా, రెండు దఫాల్లో 25 న్యూటన్ మీటర్లకు బిగిస్తాడు.

తర్వాత కడుగుడు. మొదటి బకెట్ ఎర్రమట్టి నీళ్లు, రెండోది టీ రంగు, ఐదోదానికి తేట. ఎనిమిది లీటర్ల సిస్టంలో నాలుగు లీటర్లు కూలెంట్, నాలుగు డిస్టిల్డ్ వాటర్ కలిపి సన్నధారగా పోస్తారు. మూత తీసి ఇంజిన్ నడిపి, పైహోస్‌ను పిసుకుతూ గాలి బుడగలన్నీ వెళ్లగొడతారు. మళ్లీ 15 పీఎస్ఐ. ఇరవై నిమిషాలకూ ముల్లు కదల్లేదు.

బిల్లు: కూలర్ 6,800, వాటర్ బాడీ 2,400, కూలెంట్ 1,400, డిస్టిల్డ్ వాటర్ 150, ప్యాకింగులు, క్లిప్పులు 650, పరీక్షకు 300, కూలి 3,000. మొత్తం 14,700 రూపాయలు.

సాయంత్రం పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లొచ్చి బండిని రాత్రంతా షెడ్డు ముందే ఆపుతారు. పొద్దున కూలెంట్ డబ్బాలో నీళ్లు ముందురోజు గీసిన మార్కర్ గీతకు సరిగ్గా ఆనుకుని ఉన్నాయి. ఉస్తాద్ మీటరు అంకెకు 600 కలిపి గీత పక్కనే రాస్తాడు, ఆ అంకె రాగానే చల్లటి బండి మీద చూసుకోమంటాడు. డ్రైవర్ తాళం తిప్పుతుండగా పోరడు బోరు నీళ్ల క్యాన్ తీసి షెడ్డు వెనకున్న వేపమొక్కకు పోస్తున్నాడు.