ఏ బడిలో చేరవలెను?

కొన్ని ఏండ్ల క్రిందట ఒక వేసవినాడు నేను ఉప్పునుంతలలోని మీ సేవా కేంద్రమునకు వెళ్లితిని. అప్పటికే అచ్చట ఇరువదిమంది వేచియుండిరి. పై చదువుల దరఖాస్తులకై ఆదాయ ధ్రువపత్రము కోరి వచ్చిన బాలబాలికలు కొందరు. భూమి కాగితముల నకళ్లకై వచ్చిన రైతులు కొందరు. కేంద్రములోని యువకుడు నన్ను చూచి లేచి, "సారూ! ఉదయమునుండి నెట్టు లేదు. ఎప్పుడు వచ్చునో చెప్పలేను" అనెను.

రెండు గంటలు గడచెను. ఆనాటితో దరఖాస్తు గడువు ముగియుచున్నదని ఒక బాలిక కంట తడి పెట్టుకొనెను. అంతలో యంత్రము మరల పనిచేయసాగెను. ఆమె పత్రము ఆమె చేతికి వచ్చెను. ఎక్కడనో ఎవరో ఒకరు దోషమును కనిపెట్టి సరిచేసియుండవలెను. ఆతనిని మాలో ఎవ్వరును చూడలేదు, పేరైనను ఎరుగము.

బాలబాలికలారా! ఆ కనబడని మనిషి పనికే నెట్‌వర్కు, సిస్టముల నిర్వహణమని పేరు. ఆ పని చేయువానిని సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు అందురు.

ఈ పని ఎట్టిదో మన పల్లెవారికి సులభముగ బోధపడును. మన పాలమూరు నేలలో చెరువులు కలవు. చెరువునకు తూము, తూమునకు కాలువ, కాలువకు పిల్లకాలువలు కలవు. నీటిని వంతు చొప్పున పొలములకు పారించువాడు నీరటి. కంప్యూటర్లలోను ఇట్టి ఏర్పాటే కలదు. అందరి సమాచారమును నిలువ చేసి, అడిగినవారికి అందించు యంత్రము సర్వరు. అది చెరువు వంటిది. సమాచారము పారు తీగలు కాలువలు. ఏ సమాచారము ఏ త్రోవను పోవలెనో నిర్ణయించు పరికరము రూటరు. ప్రతి యంత్రమునకును అంకెలతో కూడిన ఒక చిరునామా ఉండును. వీని నన్నిటిని కనిపెట్టియుండువాడే అడ్మినిస్ట్రేటరు. రైతు విత్తనములను వేరుగ దాచినట్లు, ఆతడు సమాచారమునకు మరియొక ప్రతిని తీసి వేరొకచోట భద్రపరచును.

చెరువుకట్టకు చిన్న బొరియ పడినపుడే పూడ్చవలెను. వరద వచ్చిన పిమ్మట లాభము లేదు. 2017 మే 12వ తేదీన వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించినది. అది కంప్యూటర్లలోని కాగితములకు తాళము వేసి, విడుదలకు డబ్బు కోరినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు నిలిచిపోయినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత బడినవి. ఆ బొరియను పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి నెలలోనే, విడుదల చేసియుండెను. దానిని సకాలమున అమర్చిన చోట్ల యంత్రములు ఈ దాడికి లోబడలేదు. జాగరూకత ఎంత విలువైనదో దీనివలన తెలియుచున్నది.

ఇట్టి పని నేర్చుటకు ఏ బడిలో చేరవలెను? ఈ ప్రశ్నకు నేనొకమారు తప్పు జవాబిచ్చితిని. ఆ సంగతి చెప్పుటకే ఈ పాఠము వ్రాయుచున్నాను.

నా శిష్యుడొకడు పదవ తరగతి ముగించి, పట్నములోని ఒక శిక్షణ సంస్థ ప్రకటనను తెచ్చి నాకు చూపెను. ఆరు నెలల చదువు, ఆపై నూటికి నూరుపాళ్లు ఉద్యోగము అని అందులో రంగు అక్షరములతో వ్రాసియుండెను. నేను దానిని పైపైన చూచి, "బాగున్నది, చేరుము" అంటిని. వాని తండ్రి వేరుశనగ పండించు చిన్న రైతు. ఆయన కాడి ఎద్దులను అమ్మి రుసుము చెల్లించెను. ఆ సంస్థలో నలుబదిమంది విద్యార్థులకు ఐదు కంప్యూటర్లు మాత్రమే ఉండెను. రూటరును బల్లపై పటములో చూపిరేగాని చేతికియ్యలేదు. చివరకు ఇచ్చిన పత్రమునకు ఏ మండలి గుర్తింపును లేదు. పిల్లవాడు తిరిగి వచ్చి నా యెదుట తల వంచుకొని నిలిచెను. తల వంచుకొనవలసినవాడను నేను. ఆ ఎద్దులు పోయినది నేను ప్రశ్నింపనందువలన.

మరుసటి సంవత్సరము వాడు పాలీసెట్ వ్రాసి ప్రభుత్వ పాలిటెక్నికులో చేరెను. నేడొక కార్యాలయములో యంత్రముల బాధ్యత వహించుచున్నాడు. అయినను పోయిన ఏడాది పోయినదే గదా!

కావున, ఏ బడిలోనైనను చేరకముందు ఈ నాలుగు ప్రశ్నలను అడుగుడు.

మొదటిది: గుర్తింపు ఉన్నదా? మన దేశమున డిగ్రీ నిచ్చు అధికారము చట్టప్రకారము విశ్వవిద్యాలయములకును, చట్టము అనుమతించిన కొన్ని సంస్థలకును మాత్రమే కలదు. 1956 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన విశ్వవిద్యాలయ నిధుల సంఘము నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను ప్రకటించుచుండును. దానిని చూడుడు. మన రాష్ట్రమున పాలిటెక్నికు డిప్లొమాను సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఇచ్చును.

రెండవది: చేతితో చేయు పని ఎంత? పనిదినమున వెళ్లి ప్రయోగశాలను చూడుడు. ఎందరికి ఒక యంత్రము? విద్యార్థులు స్వయముగ తీగలను కలిపి, సర్వరును నిలిపి, చెడగొట్టి, బాగుచేయుదురా? ఈదుట గట్టుపై నేర్వరాదు.

మూడవది: బోధించువారెవరు? చదివి వెళ్లినవారు ఏమి చేయుచున్నారు? గోడమీది ప్రకటనను గాక, అచ్చట చదువుచున్న పెద్ద విద్యార్థుల నడుగుడు.

నాలుగవది: మొత్తము ఖర్చెంత? రుసుము, వసతి, పుస్తకములు, పరీక్షలు అన్నియు కూడి కాగితముపై వ్రాయించుకొనుడు. నూటికి నూరుపాళ్లు ఉద్యోగమని ఎవరైన పలికినచో, ఆ మాటయే మీకు హెచ్చరిక.

పదవ తరగతి పిమ్మట దారులు పెక్కు కలవు. పాలీసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా చదువవచ్చును. మన పొరుగున వనపర్తిలో, పూర్వపు సంస్థానాధీశుల భవనమున, 1959లో స్థాపింపబడిన కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నికు కలదు. అయితే ప్రతి పాలిటెక్నికునందును ప్రతి శాఖయు ఉండదు, ముందుగ విచారింపవలెను. డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. బాసరలో 2008లో నెలకొల్పిన విద్యాలయము పదవ తరగతి ఫలితమునుబట్టి చేర్చుకొని, ఆరేండ్ల చదువు చెప్పును. త్వరగా పనిలో ప్రవేశింపగోరువారికి కొన్ని ఐ.టి.ఐ.లలో కంప్యూటరు సంరక్షణ కోర్సులు ఉన్నవి. ఇంటరు చదివి ఇంజనీరింగులోనో డిగ్రీలోనో చేరుట మరియొక దారి.

ఏ దారిని పోయినను కొంత సాధన మీది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సును ఉచితముగ పొందవచ్చును. పాత కంప్యూటరుపైనను నడుచును. లెక్కలను, ఆంగ్లమును నేడే శ్రద్ధగ చదువుడు. ఈ విద్యకు సంబంధించిన పుస్తకములు పెక్కు ఆంగ్లముననే ఉన్నవి.

తుదిమాట యొకటి. అడ్మినిస్ట్రేటరు చేతిలో ఊరందరి తాళములు ఉండును. ఇతరుల కాగితములను చదువగలిగియు చదువనివాడే ఆ పదవికి తగినవాడు. బడి విద్య నేర్పును. ఆ నిజాయితీని మాత్రము మీరే వెంట తీసికొని పోవలెను.

ప్రశ్నలు

1. అడ్మినిస్ట్రేటరును నీరటితో ఎందుకు పోల్చిరి?
2. రచయిత తాను చేసిన తప్పు ఏదని చెప్పెను?
3. బడిలో చేరకముందు అడుగవలసిన నాలుగు ప్రశ్నలు ఏవి?
4. మీకు దగ్గరలోనున్న పాలిటెక్నికును గాని ఐ.టి.ఐ.ని గాని దర్శించి, అచ్చట చూచిన విశేషములను పది వాక్యములలో వ్రాయుడు.