జి.కొండూరా, ఎ.కొండూరా? పదో తరగతి ఐసోమర్ల పాఠం



ఎవరైనా కవరు మీద ఉత్త "కొండూరు" అని రాసి పంపితే ఎక్కడికి చేరుతుంది? మన ఎన్టీఆర్ జిల్లాలోనే జి.కొండూరు ఉంది, ఎ.కొండూరూ ఉంది. రెండూ మండల కేంద్రాలే. ముందున్న ఒక్క అక్షరమే తేడా చెబుతుంది. మీ పిల్లలు కార్బన్ పాఠంలో చదివే ఐసోమర్ల సంగతీ ఇంతే.

బ్యూటేన్ అణువులో నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు ఉంటాయి. కార్బన్లు నాలుగూ వరసగా ఉంటే ఎన్-బ్యూటేన్. మూడే వరసగా ఉండి, నాలుగోది మధ్యదానికి కొమ్మలా అతుక్కుంటే ఐసోబ్యూటేన్. లెక్క ఒకటే, అమరిక వేరు. అమరికతో పాటు గుణమూ మారుతుంది. మొదటిది సుమారు 0 డిగ్రీల దగ్గర మరిగితే, రెండోది మైనస్ 12 దగ్గరే మరుగుతుంది. మీ ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద "ఆర్-600ఎ" అని ఉందేమో చూడండి. ఉంటే లోపల తిరిగే గ్యాస్ ఐసోబ్యూటేనే. చివరి "ఎ" లేకపోతే అది ఎన్-బ్యూటేన్ గుర్తు. ఇక్కడా ఒక్క అక్షరమే!

ఐదు కార్బన్లకు వస్తే ఐసోమర్లు 3, పది కార్బన్లకు 75. అన్నిటికీ "ఐసో" అని పెడితే కుదరదు కదా. అందుకే 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు కూర్చుని పేర్లకు నియమాలు పెట్టారు. ఇప్పటి ఐయూపీఏసీ పద్ధతి దాని నుంచి పెరిగిందే. 2-మిథైల్‌ప్రొపేన్ అంటే మూడు కార్బన్ల గొలుసు, రెండోదాని మీద ఒక మిథైల్ కొమ్మ. పేరు చదివి బొమ్మ గీసేయొచ్చు. పేర్లు బట్టీపట్టిన పిల్లలకు ఒక మార్కు ప్రశ్న వచ్చేస్తుంది గానీ, ఇంటర్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర బండి ఆగిపోతుంది.

"మాకు ఇంగ్లీషూ రాదు, కెమిస్ట్రీ రాదు మేడమ్" అని పేరెంట్స్ మీటింగుల్లో చాలామంది అంటుంటారు. ఈ పనికి రెండూ అక్కర్లేదు. నానబెట్టిన శనగలు ఐదు, చీపురుపుల్లల ముక్కలు నాలుగు ఇవ్వండి. శనగ కార్బన్, పుల్ల బంధం. హైడ్రోజన్లను వదిలేయండి. ఎన్ని రకాలుగా గుచ్చవచ్చో చేయమనండి. రావలసినవి మూడే: పెంటేన్, 2-మిథైల్‌బ్యూటేన్, 2,2-డైమిథైల్‌ప్రొపేన్. చాలామంది నాలుగోది కూడా చూపిస్తారు. వరసను కాస్త వంచి ఇది కొత్తదంటారు, లేదా "2-ఇథైల్‌ప్రొపేన్" అంటారు. వంచినదాన్ని తిన్నగా చేసి చూపమనండి, పాత పెంటేనే వస్తుంది. రెండోదాంట్లో అన్నిటికన్నా పొడవైన దారి ఏదో వేలితో లెక్కపెట్టమనండి. నాలుగు శనగలు తగులుతాయి, అంటే అది 2-మిథైల్‌బ్యూటేనే. ఈ వేలిలెక్క వచ్చిందంటే పాఠంలో కష్టమైన భాగం అయిపోయినట్టే.

తర్వాత ఆరో శనగ ఇవ్వండి. జవాబు 5, ముందే చెప్పేయకండి. పేర్లతో సహా నోట్‌బుక్‌లో గీసి సోమవారం తెమ్మనండి, నేను చూస్తాను.