మైనట్స్ లెడ్జ్ దీపస్తంభం

అమెరికా ఈశాన్య తీరంలో, బోస్టన్ రేవుకు వెళ్ళే దారిలో, ఒడ్డుకు సుమారు ఒక మైలు దూరాన మైనట్స్ లెడ్జ్ అనే రాతితిన్నె ఉంది. సముద్రం బాగా తీసినపుడు తప్ప అది పైకి కనబడదు. దానికి తగిలి పూర్వం ఎన్నో ఓడలు పగిలిపోయాయి. అక్కడ దీపస్తంభం కట్టక తప్పదని ప్రభుత్వం నిశ్చయించింది.

రాతి కట్టడానికి ఖర్చు ఎక్కువ. అందుచేత కెప్టెన్ విలియం స్విఫ్ట్ అనే ఇంజనీరు ఇనుప స్తంభాల పథకం వేశాడు. గోడ కడితే అల దానిని ఢీకొంటుంది; సన్నని కాళ్ళమీద గదిని నిలిపితే అల కాళ్ళ నడుమనుండి సాగిపోతుంది. ఇదీ ఆయన వాదం. బండలో ఐదడుగుల లోతున తొమ్మిది రంధ్రాలు తొలిచి ఇనుప స్తంభాలు దింపారు. వాటిపైన కావలివారి గది, ఆపైన దీపం. 1850 జనవరి 1న దీపం వెలిగింది.

మొదటి కావలివాడు ఐజాక్ డన్‌హామ్. గాలివానలో కట్టడం ఊగిపోతున్నదని, దానిని బలపరచాలని ఆయన మొరపెట్టుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాదిలోనే ఆయన ఉద్యోగం మానుకున్నాడు. తరువాత వచ్చిన జాన్ బెన్నెట్ మొదట ఆ భయాన్ని తేలికగా తీసుకున్నాడు. ఒక్క తుపాను చూశాక ఆయనా అదే మాట అన్నాడు!

1851 ఏప్రిల్‌లో పెద్ద తుపాను వచ్చింది. బెన్నెట్ పనిమీద ఒడ్డుకు వచ్చి, తిరిగి వెళ్ళలేకపోయాడు. జోసెఫ్ విల్సన్, జోసెఫ్ ఆంటోయిన్ అనే సహాయకులిద్దరే స్తంభంలో ఉన్నారు. 16వ తేదీ రాత్రి పది గంటల వరకు దీపం ఒడ్డుకు కనబడింది. అర్ధరాత్రి దాటాక గంట మోత వినిపించింది. తెల్లవారేసరికి బండమీద వంగిన ఇనుప మొండేలే మిగిలాయి. ఇద్దరూ మరణించారు. దిగువన బెన్నెట్ కట్టుకున్న అటక, సరుకులు దించే లావుపాటి తాడు అలల తాకిడిని పెంచాయని స్విఫ్ట్ వాదించాడు. డన్‌హామ్ మొర మాత్రం అంతకు ముందే చేరింది.

1855లో అక్కడే నల్లరాతి స్తంభానికి పని మొదలయింది. సముద్రం తీసి, శాంతంగా ఉన్న వేళల్లోనే పని. పాత రంధ్రాలలో నిలిపిన ఇనుప చట్రం 1857 జనవరిలో కూలిపోయింది. ఇనుమే ఆగనిచోట రాయి ఆగుతుందా అని నిర్మాత బార్టన్ అలెగ్జాండర్ దిగులుపడ్డాడు. న్యూ ఎంపైర్ అనే ఓడ గుద్దుకోవడంవల్ల అది కూలిందని తరువాత తెలిసి ఊరట చెందాడు. ఒకదానిలో ఒకటి బిగిసేలా చెక్కిన రాళ్ళను పేర్చారు. 1860 నవంబరు 15న కొత్త దీపం వెలిగింది.

1894 నుండి ఆ దీపం ఒకసారి, నాలుగుసార్లు, మూడుసార్లు మెరుస్తుంది. ఆంగ్లంలో ‘ఐ లవ్ యూ’ అన్న మాటలలోని అక్షరాల లెక్క కూడా అదే. తీరంలోని ప్రజలు ఆ దీపాన్ని ఆ పేరుతోనే పిలుచుకుంటారు.