పాత ట్రాలీ చక్రము బిగిసినచో

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రేగడి నేలలో వానకాలమంతయు కదలక నిలిచిన పాత ట్రాలీకి చక్రము తిరుగకుండుట రైతులెఱుగని సంగతి కాదు. ట్రాక్టరుతో ఈడ్చినచో అదియే వదలునని కొందరందురు. అట్లు ఈడ్చిన టైరు ఒకేచోట అరుగును, చక్రము మాత్రము వదలకపోవచ్చును.

బ్రేకులు గల ట్రాలీలో తఱచుగా బిగియునది ఇరుసు కాదు. డ్రమ్ము లోపలి బ్రేకు షూ తుప్పుచే అంటుకొనును. ముందుగా రెండవ చక్రమునకు ఇరుప్రక్కల రాళ్లుంచి, బిగిసిన చక్రము నేలనుండగనే నట్లను కొంచెము వదులుచేసి, పిమ్మట జాకీ నెత్తవలెను. రేగడిలో జాకీ దిగబడును గనుక క్రింద మందపు పలక వేయుడు. ఇరుసు క్రింద దుంగ పెట్టనిదే ఎవరును బండి క్రిందికి దూరరాదు.

చక్రము తీసిన పిదప బ్రేకు సర్దుబాటును పూర్తిగా వదులుచేసి, డ్రమ్ము అంచు వెంట డీజిలు పోసి రాత్రియంతయు నాననిండు. మఱునాడు కొయ్య సుత్తితో చుట్టును మెల్లగా తట్టవలెను. ఇనుప సుత్తి దెబ్బకు పోత ఇనుము పగులును. టైరుండగా చక్రమును మంటతో కాల్చుట ప్రాణాంతకము. లోని గాలి వేడెక్కి టైరు పేలును.

పాత లైనరు ధూళిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గావున నోటితో ఊదక తడిగుడ్డతో తుడువుడు. డీజిలు త్రాగిన లైనరు మరల పట్టదు. రెండు ప్రక్కలను క్రొత్తవి వేయవలెను. ఈ ఖర్చుకు వెనుదీయరాదు. గిద్దలూరు దారిలో నల్లమల కనుమ దిగునపుడు ట్రాలీ బ్రేకు పట్టకున్న, బరువు వెనుకనుండి త్రోసి ట్రాక్టరును అడ్డముగా త్రిప్పును.

ఖాళీ ట్రాలీని సమనేలపై కొంతదూరము నడిపి, డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి చూడుడు. ఒకటి మిక్కిలి వేడిగానున్నచో ఆ ప్రక్క షూ ఇంకను రాచుకొనుచున్నది, మరల విప్పవలెను.